అరబ్ సమాజాలు, కుట్ర కథలు, విదేశీ హస్తం: తరచుగా అడిగే ప్రశ్నలు

పశ్చిమాసియా గురించి మాట్లాడినప్పుడల్లా కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. కొన్ని వెటకారంగా, కొన్ని అమాయకంగా, కొన్ని గల్ఫ్‌లో పక్క మంచం మీది ఈజిప్టు స్నేహితుడితో రాత్రంతా వాదించి అలసిపోయినవాళ్ల నుంచి వస్తాయి. అన్నిటికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాను.

అరబ్బులు ప్రతిదాని వెనకా కుట్ర చూస్తారట. అది వాళ్ల స్వభావమేనా?

స్వభావం అనే మాటతోనే నాకు పేచీ. అరబ్ లీగ్‌లో 22 దేశాలున్నాయి. జనాభా 40 కోట్లకు పైమాటే. మొరాకో తీరంలో చేపలు పట్టేవాడికీ బాగ్దాద్‌లో పాఠాలు చెప్పేవాడికీ ఒకే బుర్ర అంటగట్టలేం. 2006లో అమెరికాలో జరిగిన ఒక సర్వేలో 36 శాతం మంది సెప్టెంబర్ 11 దాడుల్లో తమ సొంత ప్రభుత్వం పాత్ర ఉండవచ్చన్నారు, లేదా తెలిసి కూడా ఆపకుండా ఉండి ఉండవచ్చన్నారు. అంతదూరం ఎందుకు, 1970ల్లో ఇందిరా గాంధీ నోట ‘విదేశీ హస్తం’ ఎన్నిసార్లు వినిపించిందో మన పెద్దవాళ్లను అడగండి.

అయితే అరబ్ దేశాల్లో ఈ కథలకు బలం ఎక్కువన్నది కాదనలేని మాట. అక్కడ నిజమైన కుట్రలు చాలా జరిగాయి. నిజమేదో తేల్చి చెప్పే సంస్థలు మాత్రం చాలా తక్కువ.

అక్కడివాళ్లు దీన్ని ఏమని పిలుస్తారు?

కుట్రను ‘ముఆమరా’ అంటారు. ‘కుట్ర సిద్ధాంతం’ అనే పదబంధమూ అరబీలో ఉంది. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడానికి వాళ్లే దాన్ని వాడుకుంటారు. కనబడని శక్తులు ‘అయాదీ ఖఫియ్యా’, అంటే దాగిన చేతులు. మన విదేశీ హస్తానికి అచ్చమైన అన్నదమ్ములు. ఎదుటివాడి నోరు మూయించాలంటే ‘అమీల్’ అనే ఒక్క మాట చాలు. పరాయివాళ్ల ఏజెంటు అని దాని అర్థం. ఆ ముద్ర పడితే ఉద్యోగం పోవచ్చు, ఒక్కోసారి ప్రాణమూ పోవచ్చు.

ఈ అనుమానం ఎక్కడ మొదలైంది?

ఒకే తేదీ చెప్పడం కష్టం కానీ, చదువుకున్న ఏ అరబ్బునైనా అడిగితే ముందుగా వచ్చే పేరు సైక్స్–పికో.

మొదటి ప్రపంచ యుద్ధకాలం. ఒట్టోమన్ సామ్రాజ్యం మీద తిరగబడితే అరబ్బుల స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తామని కైరోలోని బ్రిటిష్ హైకమిషనర్ మెక్‌మాన్ మక్కా షరీఫ్ (అంటే మక్కా పాలకుడు) హుస్సేన్‌కు ఉత్తరాలు రాశాడు. 1915 జూలై నుంచి 1916 మార్చి వరకు ఆ ఉత్తరాలు నడిచాయి. ఆ వాగ్దానాన్ని నమ్మి అరబ్బులు 1916 జూన్‌లో తిరగబడ్డారు. అప్పటికే, అంటే మే నెలలోనే, బ్రిటన్ తరఫున మార్క్ సైక్స్, ఫ్రాన్స్ తరఫున జార్జ్ పికో కుదిర్చిన రహస్య ఒప్పందం ప్రకారం ఆ రెండు దేశాలూ అదే నేలను పటం మీద గీతలు గీసి పంచుకున్నాయి. 1917 నవంబర్ 2న బ్రిటన్ మూడో వాగ్దానం చేసింది. పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పడటానికి సహకరిస్తామన్న బాల్ఫర్ ప్రకటన అది. ఒకే పొలాన్ని ముగ్గురికి రాసిచ్చినట్టు!

ఈ రహస్యం బయటపడిన తీరు ఇంకా విచిత్రం. రష్యాలో అధికారంలోకి వచ్చిన బోల్షెవిక్కులు జార్ కార్యాలయాల బీరువాలు తెరిచి, దొరికిన కాగితాలను 1917 నవంబర్‌లోనే పత్రికల్లో అచ్చువేశారు. తమతో కలిసి పోరాడుతున్న మిత్రులే తమ ఇల్లు పంచేసుకున్నారని అరబ్బులకు మూడో మనిషి ద్వారా తెలిసింది. 1920 ఏప్రిల్‌లో ఇటలీలోని శాన్ రెమోలో ఆ పంపకానికి కొన్ని మార్పులతో అధికార ముద్ర పడింది. అదే ఏడాది జూలైలో మైసలూన్ దగ్గర అరబ్ సేనను ఓడించి ఫ్రెంచివాళ్లు డమాస్కస్‌లో అడుగుపెట్టారు.

1916లో ఎవరైనా టీ కొట్టు దగ్గర కూర్చుని ‘ఇంగ్లిషువాడు, ఫ్రెంచివాడు కలిసి మన దేశాన్ని రహస్యంగా కోసుకుంటున్నారు’ అని ఉంటే పక్కవాళ్లు పిచ్చివాడనే అనుకునేవారు. కానీ అతను చెప్పింది అక్షరాలా నిజం. ఈ జ్ఞాపకం తరతరాలుగా బడి పుస్తకాల్లో, ఇంటి కబుర్లలో బతుకుతూనే ఉంది.

అది వందేళ్లనాటి సంగతి. ఆ తర్వాత కూడా అలాంటివి జరిగాయా?

జరిగాయి. వాటిలో రెండింటిని గురించి తెలియకుండా ఈజిప్టు మనసు అర్థం కాదు.

ఒకటి 1954లోది. ఇజ్రాయెల్ సైనిక గూఢచార విభాగం కొందరు ఈజిప్టు యూదు యువకులను చేరదీసి, కైరో, అలెగ్జాండ్రియాల్లోని అమెరికన్ గ్రంథాలయాల వంటి చోట్ల బాంబులు పెట్టించింది. నేరం స్థానికుల మీద పడాలి, ఈజిప్టును నమ్మలేమని పాశ్చాత్యులు అనుకోవాలి, సూయజ్ ప్రాంతం నుంచి బ్రిటిష్ సేనలు కదలకూడదు. ఇదీ పథకం. ముఠా పట్టుబడింది, ఇద్దరిని ఉరితీశారు. ఇజ్రాయెల్ ఏళ్ల తరబడి తనకేమీ తెలియదంది. 2005లో మాత్రం బతికున్నవాళ్లను పిలిచి సత్కరించింది.

రెండోది 1956 సూయజ్. జూలై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. అక్టోబర్ చివరి వారంలో పారిస్ శివారు సెవ్ర్‌లోని ఒక బంగళాలో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ప్రతినిధులు గుట్టుగా కలిశారు. ముందు ఇజ్రాయెల్ దాడి చేయాలి, తర్వాత మిగతా ఇద్దరూ ‘శాంతి కాపాడటానికి’ వచ్చినట్టు నటిస్తూ కాలువను పట్టుకోవాలి. 24న సంతకాలయ్యాయి, 29న నాటకం మొదలైంది. ఒప్పందం కాగితం మీద మిగలడం బ్రిటన్ ప్రధాని ఈడెన్‌కు నచ్చలేదు. బ్రిటిష్ ప్రతిని నాశనం చేయించాడు. డిసెంబర్ 20న పార్లమెంటులో నిలబడి, ఇజ్రాయెల్ దాడి సంగతి తమకు ముందుగా తెలియదని చెప్పాడు. ఇజ్రాయెల్ తన ప్రతిని దాచుకుంది కాబట్టి ఆ అబద్ధం తేలిపోయింది.

మూడు దేశాలు, ఒక రహస్య బంగళా, కాల్చేసిన కాగితాలు, సభలో బొంకిన ప్రధాని. కల్పిత కథ రాసేవాడు ఇన్ని మలుపులు పెడితే అతిగా ఉందనేవాళ్లం.

అప్పుడు ఒత్తిడి తెచ్చి ఆ ముగ్గురినీ వెనక్కి పంపించిన వాళ్లలో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హవర్ ముఖ్యుడు. అందువల్ల కొన్నాళ్లపాటు అక్కడ అమెరికాకు మంచి పేరే ఉండేది. ఇప్పుడు దాన్ని గుర్తుచేసుకునేవాళ్లు తక్కువ.

అంటే వాళ్ల అనుమానాలన్నీ నిజమేనంటారా?

అనను. 1967 జూన్‌లో జరిగిన అరబ్–ఇజ్రాయెల్ యుద్ధం చూడండి. 5వ తేదీ ఉదయం ఇజ్రాయెల్ విమానాలు ఈజిప్టు వైమానిక దళాన్ని నేల మీదే తగలబెట్టేశాయి. కైరో రేడియో మాత్రం శత్రు విమానాలను డజన్ల కొద్దీ కూల్చేస్తున్నామని రోజంతా చెప్పింది. ఓటమి దాచలేనిదయ్యాక ఒక సాకు కావలసివచ్చింది. 6వ తేదీన నాసర్, జోర్డాన్ రాజు హుస్సేన్ ఫోనులో మాట్లాడుకుని, దాడిలో అమెరికా, బ్రిటన్ విమానాలు కూడా పాల్గొన్నాయని ప్రకటించాలనుకున్నారు. ఆ సంభాషణను చాటుగా విన్న ఇజ్రాయెల్ రెండు రోజుల్లోనే దాన్ని ప్రపంచానికి వినిపించింది. అయినా అనేక అరబ్ దేశాలు అమెరికాతో సంబంధాలు తెంచుకున్నాయి. మరుసటి ఏడాది నాసర్ ఆ ఆరోపణ నుంచి వెనక్కి తగ్గాడు కానీ, జనంలోకి వెళ్లిన మాట వెనక్కి రాలేదు.

1956ను, 1967ను నేను పక్కపక్కనే పెట్టి చూస్తాను. మొదటిది పరాయివాళ్లు నిజంగా చేసిన కుట్ర. రెండోది పదకొండేళ్ల తర్వాత, ఆ మొదటిదాని మీదున్న నమ్మకాన్ని ఆసరా చేసుకుని సొంత పాలకులు అల్లిన కథ. ఆడలేక మద్దెల ఓడు అనడం ఇదే. కాకపోతే ఆ మద్దెలకు అంతకుముందే ఒక చిల్లు ఉంది, అందుకే జనం నమ్మారు.

సొరచేపను, కొంగను గూఢచారులన్నారట. నిజంగా జరిగిందా, ఎవరైనా కల్పించారా?

జరిగింది. 2010 డిసెంబర్‌లో ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్ తీరంలో సొరచేపలు పర్యాటకులను కరిచాయి, ఒక జర్మన్ మహిళ చనిపోయింది. పర్యాటకాన్ని దెబ్బతీయడానికి ఇజ్రాయెల్ గూఢచార సంస్థ మొసాద్ ఆ చేపను వదిలిందన్న మాటను కొట్టిపారేయలేమని దక్షిణ సినాయ్ గవర్నరే అన్నారు. నిపుణులు మాత్రం ఓడల నుంచి సముద్రంలోకి విసిరే పశువుల కళేబరాలు, అతిగా చేపలు పట్టడం వంటి కారణాలు చెప్పారు.

2011 జనవరిలో సౌదీ అరేబియాలో ఒక రాబందు దొరికింది. కాలికి టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం పేరున్న పరికరం ఉండటంతో గూఢచారి అన్న పుకారు గుప్పుమంది. అయితే ఆ దేశ వన్యప్రాణి శాఖను చూసే రాకుమారుడే, అది శాస్త్రవేత్తలు మామూలుగా వాడే పరికరమని చెప్పి పక్షిని విడిపించారు. ఈ రెండో సగాన్ని మన టీవీలు చెప్పవు.

2013లో ఈజిప్టులోని కెనాలో ఒక కొంగను పోలీస్ స్టేషన్‌కు పట్టుకొచ్చారు. దాని వీపు మీద ఉన్నది హంగరీ పక్షి పరిశోధకులు అమర్చిన పరికరం. నిర్దోషి అని తేల్చి వదిలేశారు, పాపం కొన్నాళ్లకే ఎవరో పట్టుకుని తినేశారట.

నవ్వుకునే ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. 2015లో మన పఠాన్‌కోట్ దగ్గర దొరికిన పావురానికి పాకిస్తాన్ గూఢచారి అన్న అనుమానంతో ఎక్స్‌రే తీశారు.

సెప్టెంబర్ 11 దాడులు అరబ్బులు చేయలేదని చాలామంది నమ్మేవారట?

నమ్మేవారు. 2011లో ప్యూ అనే అమెరికన్ సర్వే సంస్థ అడిగితే ఈజిప్టులో 75 శాతం మంది అది అరబ్బుల పని కాదన్నారు. విమానాలను మళ్లించిన 19 మందిలో 15 మంది సౌదీలు, నాయకుడు అట్టా ఈజిప్టువాడు. 2004లో బిన్ లాడెన్ తన నోటితోనే ఒప్పుకున్నాడు. అయినా అంతే.

‘ఆ రోజు నాలుగు వేలమంది యూదులు పనికి రాలేదు’ అన్న పుకారు పుట్టుకను గమనిస్తే చాలా తెలుస్తుంది. దాడి తర్వాత ఆ ప్రాంతంలో ఉండి ఉండవచ్చనుకున్న తమ పౌరుల పేర్లను ఇజ్రాయెల్ విదేశాంగ శాఖ సేకరించింది, నాలుగు వేల దాకా వచ్చాయి. ఏమయ్యారో అని ఆరా తీసిన జాబితా అది. వారం తిరక్కుండానే లెబనాన్‌లోని సాయుధ సంస్థ హిజ్బుల్లాకు చెందిన అల్ మనార్ టీవీ దాన్ని పనికి ఎగ్గొట్టినవాళ్ల లెక్కగా మార్చేసింది. నిజానికి ఆ రోజు చనిపోయినవాళ్లలో యూదులు వందల్లో ఉన్నారు.

ఇంతమంది ఎందుకు నమ్మారంటే, నా ఉద్దేశంలో అందులో ద్వేషం ఎంత ఉందో ఆత్మరక్షణ కూడా అంత ఉంది. ‘మావాడు ఇంత ఘోరం చేయడు’ అన్నది ఒక వైపు. ‘మావాడికి ఇంత పని చేతనవుతుందా’ అన్న నిస్పృహ మరో వైపు. ఈ రెండోదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

యూదుల ప్రపంచ కుట్ర అన్న మాట అరబ్ సంస్కృతిలోనే ఉందా?

ఇప్పుడు చెలామణీలో ఉన్న రూపం యూరప్ సరుకు. 1840లో డమాస్కస్‌లో ఒక క్రైస్తవ సన్యాసి కనబడకుండా పోతే, రక్తం కోసం యూదులే చంపారన్న నింద వేశారు. దాన్ని ఎగదోసినవాడు ఫ్రెంచి కాన్సల్. ఆ నింద అబద్ధమని ఫర్మానా ఇచ్చినవాడు ఒట్టోమన్ సుల్తాన్! ‘జియాన్ పెద్దల ప్రోటోకాల్స్’ అనే దొంగ పత్రం 1903లో రష్యాలో అచ్చయింది. వేరే పుస్తకాల నుంచి ఎత్తిరాసిందని 1921లో లండన్ టైమ్స్ బయటపెట్టింది. 1920ల్లో అది అరబీలోకి వచ్చింది, 1948 తర్వాత విస్తరించింది, 1988 నాటి పాలస్తీనా సంస్థ హమాస్ చార్టర్‌లోకీ ఎక్కింది. ఇజ్రాయెల్ మీద కోపం వేరు, దాన్ని ఒక మతం వాళ్లందరికీ పులమడం వేరు. ఆ తేడా చెరిగిపోయిన చోట తరాలుగా బాగ్దాద్‌లోనో కైరోలోనో బతికిన యూదులు రాత్రికి రాత్రే ‘ఏజెంట్లు’ అయిపోయి ఊళ్లు విడిచారు.

ప్రభుత్వాలకు ఈ కథల వల్ల లాభమేమిటి?

అరబ్ దేశాల్లో వరుసగా తిరుగుబాట్లు చెలరేగిన 2011ను చూస్తే చాలు. కైరోలోని తహ్రీర్ చౌక్‌లో నిరసనకు కూర్చున్నవాళ్లకు విదేశీయులు డబ్బులు, కెంటకీ చికెన్ భోజనాలు పంచుతున్నారని ఈజిప్టు ప్రభుత్వ మీడియా ప్రచారం చేసింది. కుర్రాళ్ల కాఫీలో బిన్ లాడెన్ మత్తు బిళ్లలు కలుపుతున్నాడని లిబియాలో గద్దాఫీ అన్నాడు. సిరియాలో అప్పటి అధ్యక్షుడు అసద్ మార్చి 30న పార్లమెంటులో మాట్లాడుతూ కుట్ర పాట అందుకున్నాడు.

నా దృష్టిలో వీళ్లందరిలో యెమెన్ అప్పటి అధ్యక్షుడు సాలెహ్‌ది ప్రత్యేక స్థానం. అరబ్ తిరుగుబాట్లను టెల్ అవీవ్‌లోని ఒక గది నుంచి, వైట్‌హౌస్ కనుసన్నల్లో నడిపిస్తున్నారని మార్చి 1న విద్యార్థుల ముందు అన్నాడు. మర్నాడే వైట్‌హౌస్‌కు తన విచారం తెలియజేశాడు. ఇదే సాలెహ్ 2010 జనవరిలో అమెరికా సేనాని పెట్రాయస్‌తో, ‘మీరు వేసే బాంబులను మావేనని చెబుతూ ఉంటాం’ అన్నాడు. వికీలీక్స్ బయటపెట్టిన పత్రంలో ఆ మాట ఉంది. నిజంగా ఉన్న విదేశీ హస్తాన్ని దాచిపెట్టి, లేనిదాన్ని చూపించినవాడు అతనే.

2012 జూన్‌లో ఈజిప్టు టీవీలో ఒక ప్రకటన వచ్చింది. కాఫీ హోటల్లో కుర్రాళ్లు దేశం కష్టాలు చెప్పుకుంటుంటే ఓ విదేశీయుడు చిరునవ్వుతో చెవులు రిక్కించి వింటాడు. నోరు జాగ్రత్త అన్నది సందేశం. పర్యాటకుల మీద బతికే దేశంలో ఇదేమిటని గోల చేస్తే ఆపేశారు.

ఇవన్నీ నవ్వులాటతో పోయేవి కావు. 2021 ఆగస్టులో అల్జీరియాలోని కబీలియా అడవుల్లో మంటలు చెలరేగితే, మొరాకో, ఇజ్రాయెల్ అండ ఉన్న ముఠాలే అంటించాయని ప్రభుత్వం ఆరోపించింది. ఆ ఉద్రిక్తతలో, మంటలార్పడానికి సాయంగా వచ్చిన ఒక యువకుడినే నిప్పు పెట్టినవాడనుకుని గుంపు కొట్టి చంపింది. 2023 ఫిబ్రవరిలో ట్యునీషియా అధ్యక్షుడు కైస్ సయీద్, నల్లజాతి వలసదారుల రాక దేశ జనాభా స్వరూపాన్ని మార్చే నేరపూరిత పథకమన్నారు. ఆ తర్వాతి రోజుల్లో వాళ్ల మీద దాడులు జరిగాయి, ఎందరినో అద్దె ఇళ్ల నుంచి గెంటేశారు.

లెబనాన్ రాజధాని బీరూట్‌లో జరిగిన పేలుడు ఇజ్రాయెల్ చేసిందేనా?

అందుకు ఆధారం లేదు. 2013లో వచ్చిన రోసస్ అనే ఓడలోని 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్‌ను ఓడరేవు గోదాములో పడేసి, ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. అధికారుల మధ్య ఉత్తరాలు తిరిగాయి తప్ప సరుకు కదల్లేదు. 2020 ఆగస్టు 4న 200 మందికి పైగా చనిపోయారు. క్షిపణి పడటం చూశామన్న వీడియోలు అదే సాయంత్రం మొదలయ్యాయి. నేరం ఆకాశం నుంచి వచ్చిందంటే ఏ మంత్రీ, ఏ కస్టమ్స్ అధికారీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. మృతుల బంధువులు మాత్రం ఆ కథలకు లొంగలేదు. ఫొటోలు పట్టుకుని న్యాయస్థానం ముందే నిలబడ్డారు.

సామాన్య అరబ్బులు అమెరికాను ద్వేషిస్తారా? చైనా, రష్యాల మాటేమిటి?

వాళ్ల అభిప్రాయం అమెరికా ఏం చేస్తుందన్న దాన్నిబట్టి కదులుతూ ఉంటుంది. ట్యునీషియాలో అరబ్ బారోమీటర్ సర్వే 2023 సెప్టెంబర్–నవంబర్ మధ్య నడుస్తుండగానే గాజా యుద్ధం మొదలైంది. యుద్ధానికి ముందు అమెరికా పట్ల 40 శాతం మంది సుముఖంగా ఉంటే, మూడు వారాలు గడిచేసరికి అది 10 శాతానికి పడిపోయింది. పుట్టుకతో వచ్చిన ద్వేషమైతే ఇలా వారాల్లో మారదు. 2024 జనవరిలో వెలువడిన మరో సర్వేలో, 16 అరబ్ సమాజాల్లో 94 శాతం మంది గాజాపై అమెరికా వైఖరి చెడ్డదన్నారు.

ఇరాక్‌నూ మరచిపోకూడదు. సామూహిక మారణాయుధాలున్నాయని 2003 ఫిబ్రవరి 5న ఐరాస వేదిక మీద చూపించిన ‘సాక్ష్యాలు’ వట్టివని మరుసటి ఏడాదికే అమెరికా దర్యాప్తు బృందమే తేల్చింది. అది అనుభవించినవాడికి ‘ఐసిస్‌ను పుట్టించింది అమెరికాయే’ అని చెబితే సులభంగా నమ్ముతాడు. హిల్లరీ క్లింటన్ తన పుస్తకంలో ఒప్పుకుందని 2014లో వచ్చిన పుకారు అలాగే పాకింది. ఆ పుస్తకంలో అలాంటి మాటే లేదు.

చైనాకు అక్కడ యుద్ధాలు చేసిన చరిత్ర లేదు కాబట్టి దాని మీద అనుమానం తక్కువ. రష్యా సంగతి దేశాన్నిబట్టి ఉంటుంది. సిరియాలో ఎవరి ఇంటి మీద దాని బాంబులు పడ్డాయో వాళ్లను అడగండి.

లెబనాన్‌లో పేజర్లు పేలాక ఇక ఏ పుకారునైనా కాదని ఎలా చెప్పగలం?

చెప్పడం కష్టమైంది, ఒప్పుకుంటాను. 2024 సెప్టెంబర్ 17న హిజ్బుల్లావాళ్ల జేబుల్లోని పేజర్లు ఒక్కసారిగా పేలాయి. మర్నాడు వాకీటాకీలు పేలాయి. చనిపోయినవాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఆ పేజర్లు ఒక డొల్ల కంపెనీ ద్వారా అమ్మినవి. అది తమ పనేనని నవంబర్‌లో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు ఒప్పుకున్నారు. ముందురోజు ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉంటే, నేనూ దాన్ని ఆ సొరచేప కథ పక్కన పెట్టి ఉండేవాణ్ణి.

అయినా తేడా ఉంది. పేజర్ల సంగతిలో రెండు మూడు రోజుల్లోనే విలేఖరులకు కంపెనీ పేరు, చిరునామా, కాగితాలు దొరికాయి. నిజమైన కుట్రలు మనుషులు చేస్తారు, కాబట్టి ఎక్కడో రశీదు మిగులుతుంది. సెవ్ర్ ఒప్పందానికి ఇజ్రాయెల్ బీరువాలో ప్రతి దొరికింది. సొరచేపకు ఇంతవరకూ ఏమీ దొరకలేదు.

అక్కడివాళ్లు ఈ కథలను చూసి నవ్వుకోరా?

మనకంటే ఎక్కువే నవ్వుకుంటారు. తహ్రీర్‌లో ఎండు రొట్టె, కుషరీ (అక్కడి చవక భోజనం) తింటూ ‘ఇదిగో మా కెంటకీ’ అని చూపించుకున్నారు. ఈజిప్టు వ్యంగ్య కళాకారుడు బాసెమ్ యూసఫ్ టీవీలో ఈ ప్రచారాన్ని ఉతికి ఆరేశాడు, చివరికి అతన్నీ ఏజెంటన్నారు. ఈజిప్టు 2013లో ఇంకో తమాషా చూసింది. ఆ ఏడాది సైన్యం గద్దె దించిన అధ్యక్షుడు మోర్సీ పక్షమే అమెరికాదని ప్రత్యర్థులు, సైన్యం పక్షమని మోర్సీ మనుషులు అన్నారు. రెండు పక్షాలూ తిట్టింది ఒకే అమెరికా రాయబారిని.

మేం కువైట్‌లో, దుబాయ్‌లో పనిచేసేవాళ్లం. గదిలో ఇలాంటి చర్చ వస్తే ఏం చేయాలి?

ముందు ఫోను సంగతి. గదిలో నోటిమాట వేరు, వాట్సాప్‌లో పంపడం వేరు. యూఏఈలో 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో తప్పుడు పుకారు పంచితే కనీసం ఏడాది జైలు, లక్ష దిర్హాముల జరిమానా. సంక్షోభ సమయంలో ఆ రెండూ రెట్టింపు. కరీంనగర్ నుంచి వెళ్లినా కడప నుంచి వెళ్లినా, తెలియక ఫార్వర్డ్ చేశానంటే అక్కడ చెల్లదు. యుద్ధం వీడియో వస్తే చూసి చెరిపేయండి.

ఇక ఆ ఈజిప్టు స్నేహితుడి విషయం. ‘మీవాళ్లంతా ఇంతే’ అని మొదలుపెడితే వాదన అక్కడే ఆగిపోతుంది, స్నేహమూ పోతుంది. ముందు సూయజ్ గురించి అడగండి. తాత దగ్గర విన్నదేదో చెబుతాడు, అందులో చాలావరకు నిజమే ఉంటుంది. విన్నాక 1967లో రేడియో ఏం చెప్పిందని అడగండి. చాలామంది ఈజిప్టువాళ్లకు ఆ కథ కూడా తెలుసు. అది చెప్పేటప్పుడు వాళ్ల గొంతు తగ్గుతుంది, కోపం ఇంగ్లండు మీద నుంచి కైరో మీదికి మళ్లుతుంది. అప్పుడు టీ పెట్టండి, ఆ చర్చ తెల్లవార్లూ సాగుతుంది.